పదిహేడు చుక్కల త్రిభుజం, ఇరవై ఒక్క చింతగింజలు: ఎనిమిదో తరగతి లెక్కల గది నుంచి ఒక కేస్ స్టడీ

నేను నల్లగొండ జిల్లాలో, చేనేత కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఒక మండలంలో, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్‌ని. ఒక ఎనిమిదో తరగతితో ఏడాది పొడవునా చేసిన పని గురించి ఇక్కడ రాస్తున్నాను. ఆ పిల్లలతో ఫ్రాక్టల్ బొమ్మలు, అంటే ఒకే ఆకారం తనలోనే చిన్నగా మళ్లీ మళ్లీ వచ్చే బొమ్మలు, గీయించాను. చింతగింజలతో, చాక్‌పీసుతో ఆడే చిన్న చిన్న ఎత్తుగడల ఆటలు ఆడించాను. దానివల్ల ఏం కదిలిందో, ఏం కదల్లేదో, ఎక్కడ ఆగి ఏం అడగాలో తోటి టీచర్లకు పనికొచ్చేలా చెప్పాలని ఉంది.

అసలు మాట ముందే చెప్తాను. బొమ్మ గీసినంత మాత్రాన లెక్కలు రావు, ఆట ఆడినంత మాత్రాన కూడా రావు. గీయడానికి ముందు, ఆడటానికి ముందు "ఎన్ని వస్తాయనుకుంటున్నావు? ఎవరు గెలుస్తారనుకుంటున్నావు?" అని అడగాలి. ఆ ఊహను పిల్లలు నోట్‌బుక్‌లో పెన్నుతో రాయాలి. ఆ తర్వాతే పెన్సిల్, గింజలు చేతికివ్వాలి. రాసిన ఊహకూ కళ్లముందు వచ్చిన ఫలితానికీ తేడా వచ్చినప్పుడు పిల్లలు దాన్ని వదిలిపెట్టరు. నేను చూసిన నేర్చుకోవడమంతా అక్కడే జరిగింది.

తరగతి సంగతి

పిల్లల్లో చాలామందివి మగ్గం ఉన్న ఇళ్లు. మిగతావాళ్లు పత్తి, వరి, బత్తాయి మీద బతికే ఇళ్ల నుంచి వస్తారు. దసరా తర్వాత పత్తి ఏరే రోజుల్లో హాజరు పడిపోతుంది. అమ్మతో చేనుకు వెళ్లేవాళ్లు కొందరు, ఇంట్లో చిన్నవాళ్లను చూసుకోవడానికి ఆగిపోయేవాళ్లు కొందరు. వాళ్లు తిరిగొచ్చేసరికి పాఠం ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఇంగ్లీషు మీడియంలోకి మారాక, లెక్క అర్థం కాకపోవడానికి భాష కారణమా లెక్కే కారణమా అన్నది విడదీసి చూడటం కష్టంగా ఉంది.

ఏడాది మొదట్లో పెట్టిన బేస్‌లైన్ టెస్ట్ పేపర్లలో రెండు తప్పులు మళ్లీ మళ్లీ కనిపించాయి. 3⁴ విలువ 12 అని రాశారు. 1/4 + 3/16 అంటే పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కూడి 4/20 అన్నారు. ఇవి తొందరలో చేసిన తప్పులు కావు. 3⁴ అన్నది వాళ్లకు దేని లెక్కా కాదు. ఒక పెద్ద అంకె, దాని నెత్తిన ఒక చిన్న అంకె, అంతే. ఆ రెండింటినీ చూస్తే ఏదో ఒకటి చేయాలి కాబట్టి గుణించారు.

తప్పుల కంటే ఖాళీలే నన్ను ఎక్కువ బాధపెట్టాయి. కొన్ని పేపర్లలో పేరు, రోల్ నంబర్ తప్ప ఏమీ లేదు. తరగతిలో లేపి అడిగితే జవాబు చెప్పి నా ముఖం చూస్తారు. నా కనుబొమ్మ కాస్త కదిలినా జవాబు మార్చేస్తారు. తన జవాబు సరైనదో కాదో తెలుసుకునే దారి టీచర్ ముఖం ఒక్కటే అనుకునే పిల్లకు లెక్కల మీద నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే నా ముఖంతో పని లేని పనులు వెతికాను. కాగితమే జవాబు చెప్పాలి, లేదా ఎదురుగా కూర్చున్న పిల్ల చెప్పాలి.

సందు చుక్కల మీద త్రిభుజం

ఫ్రాక్టల్ గురించి పిల్లలకు ఇలా చెప్పాను: "ఒక పని చెయ్యండి. వచ్చిన ప్రతి ముక్క మీద మళ్లీ అదే పని చెయ్యండి." గోబీపువ్వు ఒకటి తీసుకెళ్లి, ఒక రెబ్బ విరిచి పక్కన పెట్టాను. రెబ్బ చూస్తే చిన్న గోబీపువ్వే. బడి వెనుక తుమ్మచెట్టు ఆకు తెంపుకొచ్చి చూశారు. పెద్ద ఈనెకు అటూ ఇటూ చిన్న ఈనెలు, చిన్న ఈనెకు మళ్లీ అటూ ఇటూ బుల్లి ఆకులు. ప్రకృతిలో ఇది రెండు మూడు మెట్ల దగ్గర ఆగిపోతుంది. కాగితం మీద ఓపిక ఉన్నంతవరకు పోవచ్చు, ఊహలో అయితే ఆగనే అక్కర్లేదు. ఇలాంటి ఆకారాలకు బెన్వా మాండెల్‌బ్రాట్ 1975లో ఫ్రాక్టల్ అని పేరు పెట్టాడు. ఆకారాలు మాత్రం అంతకంటే పాతవి. మేం గీసిన త్రిభుజం 1915లో పోలండ్ గణితవేత్త షెర్పిన్‌స్కీ వర్ణించింది.

గీసే పద్ధతి చాలా తేలిక. సమబాహు త్రిభుజం గీసి, మూడు భుజాల మధ్యబిందువులు కలపాలి. నాలుగు చిన్న త్రిభుజాలు వస్తాయి. నడుమ తలకిందులుగా ఉన్నదాన్ని ఖాళీగా వదిలేయాలి. మిగిలిన మూడింటిలో మళ్లీ ఇదే పని చేయాలి.

స్కేలుతో కొలిచి మధ్యబిందువులు పెట్టమంటే సగం మంది అక్కడే అలసిపోతారు. మన దగ్గర దీనికి ఇంతకంటే మంచి సాధనం ఉంది: సందు చుక్కల ముగ్గు. కింది వరుసలో 17 చుక్కలు, పైన సందుల్లో 16, ఆ పైన 15, అలా ఒకటి వచ్చేదాకా. చూస్తే అది సమబాహు త్రిభుజాలతో అల్లిన వల. సంక్రాంతికి ముగ్గులేసే ఆడపిల్లలు ఈ చుక్కలు నాకంటే వేగంగా పెట్టారు. మగపిల్లలు మొదట "మాకు ముగ్గులు రావు మేడం" అన్నారు కానీ, చుక్కలు పెట్టడం చూసి తామూ మొదలుపెట్టారు. ముగ్గులను గణితంగా చూడటం కొత్తేమీ కాదు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరొమొనీ బృందం 1970లలోనే కోలాల (తమిళ ముగ్గుల) మీద గణిత పరిశోధన చేసింది.

పదిహేడే ఎందుకో పిల్లలకు చెప్పలేదు. ఎన్ని చుక్కలతో మొదలుపెట్టాలో మీరే ఎంచుకోండి అన్నాను. 15 చుక్కలు పెట్టిన జట్టుకు మొదటి మెట్టు బాగానే వచ్చింది. రెండో మెట్టులో మధ్యబిందువు రెండు చుక్కల నడుమ ఖాళీలో పడింది. 15 చుక్కలంటే 14 సందులు. సగం 7, దానికి మళ్లీ సగం కుదరదు. 13 చుక్కల జట్టు 12, 6, 3 దాకా వచ్చి ఆగింది. 17 చుక్కల జట్టు ఒక్కటే 16, 8, 4, 2, 1 అని చివరిదాకా వెళ్లింది. బోర్డు మీద ఈ మూడు వరుసలు ఒకదాని కింద ఒకటి రాసి ఊరుకున్నాను. కాసేపటికి వెనుక బెంచీ నుంచి "అయితే 9 చుక్కలు కూడా పనిచేస్తయ్, 33 కూడా" అని వినిపించింది. 2 ఘాతాలను ఎవరూ పరిచయం చేయకుండానే ఆ తరగతి వాటిని పట్టుకుంది.

ఇక రంగు వేసిన త్రిభుజాల లెక్క. మొదట 1, తర్వాత 3, ఆ తర్వాత? గీయడానికి ముందు నాలుగో మెట్టుకు ఎన్ని ఉంటాయో రాయమన్నాను. 12 అని చాలామంది రాశారు. మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు. బేస్‌లైన్ టెస్టులో 3⁴ కు వచ్చిన 12 ఇదే. రెండో మెట్టులో 9 వచ్చాయి. 6 అనుకున్నవాళ్లు మళ్లీ లెక్కపెట్టుకున్నారు. మూడో మెట్టు 27. అక్కడ చాలామంది నాలుగో మెట్టు గీయకుండానే తమ పాత ఊహను కొట్టేసి 81 రాశారు. కొందరు మాత్రం గీసి, 81 త్రిభుజాలనూ పెన్సిల్ మొనతో ఒక్కొక్కటిగా తాకుతూ లెక్కపెట్టాకే నమ్మారు. ఈ రెండో రకం పిల్లలను తొందరపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. 81 అన్నది వాళ్లకు ఎవరో చెప్పిన జవాబుగా కాక, తాము తాకి చూసిన సంఖ్యగా మిగిలింది.

భిన్నాలకు ఈ బొమ్మ ఇంకా బాగా ఉపయోగపడింది. 17 చుక్కల త్రిభుజంలో అన్నింటికంటే చిన్న గళ్లు మొత్తం 256. అందులో రంగు వేసినవి 81. అంటే 81/256. మరి ఖాళీగా వదిలిన భాగం ఎంత? మొదటి మెట్టులో వదిలింది 1/4, రెండో మెట్టులో 3/16, తర్వాత 9/64, ఆ తర్వాత 27/256. వీటిని కూడాలి. 4/20 రాసిన పిల్లలే వీళ్లు. ఈసారి "పెద్ద ఖాళీలో చిన్న గళ్లు ఎన్ని పడతాయి?" అని అడిగాను. 64. తర్వాతి మూడు ఖాళీల్లో కలిపి 48, ఆ తర్వాత 36, చివరికి 27. కూడితే 175. 175కు 81 కలిపితే 256. లెక్క సరిపోయిందని నేను చెప్పలేదు, సరిపోవడం వాళ్లకే కనిపించింది. హారాలు సమానం చేయడమంటే అన్నింటినీ ఒకే సైజు గళ్లలో కొలవడమని ఆ రోజు బోర్డు మీద రాశాం. దాన్ని ఏడాదంతా చెరపలేదు.

మిగిలిపోయిన చుక్కలు

నేను అనుకోని ప్రశ్న ఒక అమ్మాయి దగ్గర నుంచి వచ్చింది. "మేడం, నడుమ చుక్కలు మిగిలినయ్. ముగ్గుల చుక్క మిగలొద్దు గదా!" నిజమే. నడుమ పెద్ద ఖాళీలో ఏ గీతకూ తగలని చుక్కలు ఉన్నాయి. ముగ్గు లెక్కన అది తప్పు ముగ్గు. ఎన్ని మిగిలాయో లెక్కపెట్టమన్నాను. పెద్ద ఖాళీలో 21, మూడు చిన్న ఖాళీల్లో మూడేసి చొప్పున 9. మొత్తం 30. మొత్తం చుక్కలు 17 నుంచి 1 దాకా కూడితే 153. అంటే గీతలకు తగిలినవి 123. ఆ పిల్ల అక్కడితో ఆగలేదు. 33 చుక్కలతో వేస్తే ఎన్ని మిగులుతాయో ఇంటి దగ్గర లెక్కకట్టి తెచ్చింది. నేను ఇవ్వని హోంవర్క్ అది.

ఈ బొమ్మే మరో దారిలో కూడా వస్తుంది. పైన 1, కింద 1 1, దాని కింద 1 2 1, ఆపై 1 3 3 1. పక్కపక్క సంఖ్యలు కూడి కింద రాసే ఈ పట్టికను మన దగ్గర మేరు ప్రస్తారం అంటారు. పింగళుడి ఛందశ్శాస్త్రానికి 10వ శతాబ్దంలో హలాయుధుడు రాసిన వ్యాఖ్యలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. మా తెలుగు సార్‌ను పిలిచి ఒక పీరియడ్ పంచుకున్నాం. పిల్లలు ఛందస్సులో గురువు, లఘువు నేర్చుకుంటారు కదా, మూడక్షరాల గణాలు ఎనిమిదింటినీ గురువుల లెక్కన విడదీయించాం. గురువే లేనిది న గణం ఒకటి. ఒక్క గురువున్నవి భ, జ, స మూడు. రెండున్నవి య, ర, త మూడు. అన్నీ గురువులే ఉన్నది మ గణం ఒకటి. 1, 3, 3, 1. తెలుగు నోట్‌బుక్‌లో బట్టీ పట్టిన గణాలు లెక్కల బోర్డు మీద వరుసలో నిలబడ్డప్పుడు పిల్లల కంటే మేమిద్దరమే ఎక్కువ సంబరపడ్డాం.

తర్వాత 16 వరుసలు రాసి బేసి సంఖ్యలున్న గళ్లకు రంగు వేయమన్నాను. పెద్ద సంఖ్యలు కూడే పని లేదు. సరి, బేసి కలిస్తే బేసి. రెండు బేసులు కలిస్తే సరి. ఇది తెలిస్తే చాలు. రంగు వేసేకొద్దీ పాత త్రిభుజమే మళ్లీ బయటపడింది. రంగు పడిన గళ్లు 81. "ఇదెట్ల వచ్చింది మేడం?" అన్న ప్రశ్నకు ఎనిమిదో తరగతిలో పూర్తి జవాబు చెప్పలేం. ప్రశ్న అలా తెరిచి ఉంచడమే మంచిది.

నూలుతో కొలిచిన చుట్టుకొలత

1904లో స్వీడన్ గణితవేత్త హెల్గే వాన్ కోక్ ఇచ్చిన వక్రాన్ని మేం చార్టు మీద వేశాం. భుజం 27 సెంటీమీటర్లు ఉండాలన్నది నేను పెట్టిన ఒకే ఒక్క షరతు. ప్రతి భుజాన్ని మూడు భాగాలు చేసి, నడుమ భాగం మీద బయటికి చిన్న త్రిభుజం నిలబెట్టి, కింద గీత చెరిపేయాలి. 27, 9, 3, 1. కొలతలన్నీ పూర్ణసంఖ్యలే, స్కేలు మీద దశాంశాల గొడవ ఉండదు.

చుట్టుకొలత పెరుగుతుందా, తగ్గుతుందా? గీతలు చిన్నవవుతున్నాయి కాబట్టి తగ్గుతుందని కొందరు, అంతే ఉంటుందని కొందరు రాశారు. ఇంటి నుంచి తెచ్చిన నూలును గీత వెంబడి గమ్‌తో అతికించి, తర్వాత ఊడదీసి కొలిచారు. మూలల దగ్గర కాస్త అటూ ఇటూ అయినా సంగతి తేలిపోయింది. 81, 108, 144, 192. ప్రతిసారీ మూడింట నాలుగు వంతులు. తర్వాతి మెట్టు గీయలేం కానీ లెక్కకట్టగలం: 256. అప్పుడు మొదటి త్రిభుజం మూడు శీర్షాలను తాకుతూ వృత్తం గీయించాను. దాని చుట్టుకొలత సుమారు 98 సెంటీమీటర్లు. 192 సెంటీమీటర్ల నూలు ఆ వృత్తం దాటకుండా లోపలే ఉంది. ఎన్ని మెట్లు వేసినా దాటదు.

ఈ చార్టులు గోడకు ఉండటంతో పదో తరగతికీ పనికొచ్చాయి. మన తెలంగాణ పదో తరగతి పుస్తకంలో గుణశ్రేఢి ఉంది, సంవర్గమానాలూ ఉన్నాయి. లాగ్ 3 ని లాగ్ 2 తో భాగిస్తే 1.585. గీత పరిమాణం 1, తలం పరిమాణం 2 అయితే, షెర్పిన్‌స్కీ త్రిభుజం గీత కంటే ఎక్కువ, తలం కంటే తక్కువ అని చెప్పే సంఖ్య అది. లాగ్ విలువలను పరీక్ష కోసం తప్ప వాడని పిల్లలకు ఇది ఒక చిన్న కానుక. పదో తరగతి టెన్షన్‌లో అంతకంటే సమయం దొరకదు.

గింజల ఆట

21 చింతగింజలు. ఇద్దరు ఆడాలి. ఒక్కో వంతుకు ఒకటి, రెండు లేదా మూడు గింజలు తీయవచ్చు. చివరి గింజ తీసినవాళ్లది గెలుపు. ఒక ఆట నిమిషంలో అయిపోతుంది. ఎత్తుగడల ఆటల్లో నేను మొదట చూసే గుణం ఇదే. పులి-మేక నాకు ఎంతో ఇష్టమైన ఆట. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవై మూడు బిందువులు. పాత గుళ్ల మండపాల్లో బండల మీద చెక్కిన గీతలు చాలామందికి తెలుసు. దాడి ఆట కూడా ఊళ్లో పెద్దవాళ్లు ఇంకా ఆడతారు. కానీ వాటిలో ఒక ఆట తేలేసరికి పీరియడ్ అయిపోతుంది. గెలిచినా ఎందుకు గెలిచారో పిల్లలు చెప్పలేరు. లెక్కల పీరియడ్‌కు కావలసింది పిల్లలు అడుగంటా తేల్చేయగల చిన్న ఆట.

వెనుక గోడ మీది నల్లబల్లను దీనికోసం వదిలేశాం. ఎవరైనా ఒక ఊహ రాయవచ్చు, పక్కన పేరు పెట్టాలి. దాన్ని తప్పని చూపించగలిగితే ఎవరైనా కొట్టేయవచ్చు. దాన్ని పిల్లలు ఊహల బోర్డు అన్నారు. మొదటి రోజు పడిన ఊహ: "ముందుగాల తీసినోళ్లే గెలుస్తరు." చాలామందికి నిజమే అనిపించింది. మర్నాడు ఒక అబ్బాయి నాలుగు గింజలు చేతిలో పట్టుకొచ్చి ఆ ఊహ రాసిన అమ్మాయి ముందు పెట్టాడు. "నువ్వే ముందుగాల తియ్యి." ఆమె ఒకటి తీస్తే వాడు మూడు తీశాడు. రెండు తీస్తే రెండు. మూడు తీస్తే ఒకటి. ఆమె లేచి వెళ్లి తన ఊహను తనే కొట్టేసింది. దాని కింద "నాలుగు మిగిలిస్తే అవతలోళ్లు ఓడిపోతరు" అని రాసింది. పేరు మాత్రం ఆ అబ్బాయిది పెట్టింది.

నాలుగు నుంచి ఎనిమిదికి వెళ్లడానికి వాళ్లకు కొంత సమయం పట్టింది. నేను సాయం చేయలేదు. ఒకసారి ఎనిమిది దొరికాక పన్నెండు, పదహారు, ఇరవై వెంటనే వచ్చేశాయి. "నాలుగో ఎక్కం!" అని అరిచారు. 21తో మొదలైతే ముందు ఒకటి తీసి 20 మిగల్చాలి. 50తో మొదలైతే? ఇక్కడ భాగహారం తనంతట తానే వచ్చింది. 50ని 4తో భాగిస్తే శేషం 2, కాబట్టి రెండు తీయాలి. మూడో తరగతి నుంచీ శేషం అంటే భాగహారం చివర మిగిలిపోయే, ఎందుకూ పనికిరాని అంకె. ఈ ఆటలో గెలుపంతా శేషంలోనే ఉంది. ఒక్కసారికి ఆరు దాకా తీయవచ్చంటే ఏడో ఎక్కం. 100 గింజలైతే శేషం 2. ఇవి తడబడకుండా చెప్పినవాళ్లలో, టెస్టులో భాగహారం లెక్క ఖాళీగా వదిలేసినవాళ్లూ ఉన్నారు.

నియమం తిప్పితే మళ్లీ కొత్త లెక్క. చివరి గింజ తీసినవాళ్లు ఓడిపోతారంటే 4 గుణిజాల కంటే ఒకటి ఎక్కువ మిగల్చాలి. తొమ్మిదో తరగతికి మూడు కుప్పల నిమ్ ఇచ్చాను. 3, 5, 7 గింజలు, ఒక్క వంతుకు ఒకే కుప్ప నుంచి ఎన్నైనా తీయవచ్చు. దీని గుట్టును 1901లో హార్వర్డ్ గణితవేత్త చార్లెస్ బౌటన్ ద్విసంఖ్యామానంతో విప్పాడు. ఈ ఆటలో ముందు ఆడేవాళ్లు ఏ కుప్ప నుంచైనా సరే ఒక్క గింజ తీస్తే గెలుపు వాళ్లదే. మూడు కుప్పల్లో దేని నుంచైనా ఎందుకు పనిచేస్తుందో 1, 2, 4 ముక్కలుగా విడగొట్టి చూస్తే తెలుస్తుంది. తొమ్మిదో తరగతిలో దీన్ని చివరిదాకా పట్టుకున్నవాళ్లు కొద్దిమందే. నిమ్‌కు ఇంకాస్త ఎక్కువ సమయం కావాలి.

ఎనిమిదో తరగతికి అన్నింటికంటే బాగా కుదిరిన ఆట జాన్ కాన్వే, మైకేల్ పాటర్సన్ 1967లో కేంబ్రిడ్జ్‌లో తయారుచేసిన స్ప్రౌట్స్. పిల్లలు మొలకల ఆట అన్నారు. కాగితం మీద రెండు మూడు చుక్కలు పెట్టాలి. వంతుల వారీగా ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు, లేదా తిరిగి అదే చుక్కకు గీత గీసి, ఆ గీత నడుమ కొత్త చుక్క పెట్టాలి. గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు. ఒక చుక్కకు మూడు గీతలకు మించి తగలకూడదు. గీత గీయలేనివాళ్లు ఓడినట్టు. ప్రతి ఎత్తుకూ కొత్త చుక్క పుడుతోంది కాబట్టి ఆట ఎప్పటికీ అయిపోదని ఊహల బోర్డు మీద రాశారు. కానీ రెండు చుక్కల ఆట ఎప్పుడూ 5 ఎత్తుల లోపే, మూడు చుక్కలది 8 లోపే అయిపోతోంది.

కారణం చెప్పింది పిల్లలే. ఒక్కో చుక్కకు మూడు ప్రాణాలు అనుకుందామన్నారు. మూడు చుక్కలంటే మొత్తం 9 ప్రాణాలు. ఒక గీతకు రెండు ప్రాణాలు పోతాయి. కొత్త చుక్కకు అప్పటికే రెండు వైపులా గీత ఉంది కాబట్టి దానికి ఒక్క ప్రాణమే. పోయినవి రెండు, వచ్చింది ఒకటి, అంటే ఎత్తుకు ఒక ప్రాణం తగ్గుతుంది. చివరి ఎత్తులో పెట్టిన చుక్కకు ఒక ప్రాణం మిగిలే ఉంటుంది కాబట్టి 9 ఎత్తులు పడవు, 8 మించవు. ఇది నిఖార్సైన గణిత నిరూపణ. అది చెప్పిన అబ్బాయి పత్తి ఏరే రోజుల్లో ఎక్కువగా బడికి రాని పిల్లవాడు. వాడు వదిలేసిన పాఠాలేవీ ఈ ఆటకు అక్కర్లేదు. హాజరు తక్కువ ఉన్న పిల్లలకు ఇలాంటి పనులు తప్పకుండా ఇవ్వాలని అందుకే అంటున్నాను.

ఇళ్ల నుంచి వచ్చిన మాటలు

పేరెంట్స్ మీటింగ్‌లో కొందరు సూటిగానే అడిగారు: "లెక్కల పీరియడ్‌ల ఆటలాడిస్తున్రట గదా మేడం?" అడగడం న్యాయమే. పిల్లల నోట్‌బుక్‌లు తెరిచి ఊహ, ఫలితం, కారణం అన్న మూడు నిలువు వరుసలు చూపించాను. ఆట ఆడిన ప్రతి పీరియడ్‌కు ఆ పేజీ ఉండాలన్నది నా నియమం. పేజీ లేకపోతే అది ఆటల పీరియడే అవుతుంది.

నేత పనిచేసే ఒక తండ్రి త్రిభుజం బొమ్మను చాలాసేపు చూశాడు. "గ్రాఫు కాగితం మీదకి ఎక్కిస్తే ఇది చిటికిల కట్టొచ్చు. కాకపోతే అంచు మెట్లు మెట్లుగ వస్తది, ఏటవాలుగ రాదు" అన్నాడు. చిటికి అంటే ఇక్కత్ నేత. రంగు అద్దకముందే నూలును ఎక్కడెక్కడ కట్టాలో లెక్కపెట్టుకునే మనిషి చూపు అది. తర్వాత వారం ఆయన కూతురు నలుచదరపు గళ్ల కాగితం మీద మెట్ల త్రిభుజం గీసుకొచ్చింది. నాన్న సాయం చేశాడా అని అడిగితే, "నాన్న గడులు లెక్కబెట్టిండు, రంగు నేనేసిన" అంది. మగ్గం ఉన్న ఇళ్లలో ఇంత లెక్క ఉంటే బడిలో దాన్ని లెక్కగా చూడకపోవడం మనం సరిచేసుకోవలసిన విషయం.

ఏం మారింది, ఏం మారలేదు

ఏడాది చివర మార్కులు ఆకాశానికి ఎగబాకలేదు. ఘాతాంకాల్లో పాత తప్పు దాదాపు పోయింది. 3⁴ ను 12 అని రాసినవాళ్లు ఎక్కడో ఒకరిద్దరు. వాళ్లు కూడా "త్రిభుజాలు గుర్తు తెచ్చుకో" అంటే దిద్దుకున్నారు. భిన్నాల కూడిక బాగా మెరుగైంది కానీ, హారాలు 4, 16, 64 లాంటివైతేనే. 1/6 + 3/8 ఇస్తే మళ్లీ తడబడ్డారు. గళ్ల సైజు సమానం చేయడమన్న ఆలోచన ఆ బొమ్మ దాటి బయటికి రావడానికి ఇంకో బొమ్మ కావాలి. దీర్ఘచతురస్రాన్ని 24 గళ్లుగా చేసి విడిగా మళ్లీ చెప్పాల్సి వచ్చింది. రుణసంఖ్యల గుణకారం, సమీకరణాల రాత లెక్కలు ఏమీ మారలేదు. వాటికి ఈ ఆటలతో సంబంధం లేదు. సంబంధం ఉందని చెప్పుకుంటే పిల్లలను మోసం చేసినట్టే.

మారిందని నేను గట్టిగా చెప్పగలిగేది ఖాళీ పేపర్ల సంగతి. ఎస్ఏ (సమ్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షల్లో జవాబు రాకపోయినా ఏదో ఒక ప్రయత్నం, ఒక పట్టిక, ఒక చిన్న బొమ్మ కనిపించాయి. తరగతిలో జవాబు చెప్పి నా ముఖం చూడటం తగ్గింది. "ఎట్ల తెలుసు?" అని పిల్లలు ఒకరినొకరు అడుగుతున్నారు. అది నా నోటి నుంచి వాళ్లకు అంటిన మాట.

చేయాలనుకునే టీచర్లకు ఒకటి రెండు విషయాలు. వారానికి ఒక పీరియడ్ మించి నేను తీసుకోలేదు, అది సరిపోయింది. ఖర్చు దాదాపు లేదు. చింతగింజలు పిల్లలే తెస్తారు, చార్టులు కొంటే చాలు. గోల అవుతుంది. పక్క తరగతి టీచర్‌తో ముందే మాట్లాడి ఆ రోజు చివరి పీరియడ్ పెట్టుకోవడం మంచిది. గెలిచిన పిల్లలకు బహుమతులు ఇవ్వకండి. ఊహల బోర్డు మీద తన ఊహను తానే కొట్టేసినవాళ్లకు చప్పట్లు కొట్టించండి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో ఈ చార్టులు చూపిస్తే కొందరు టీచర్లు ఫొటోలు తీసుకున్నారు. ఫొటో కంటే ముందు తామే ఒకసారి 17 చుక్కలు పెట్టి గీసి చూడటం మేలని వాళ్లతో అన్నాను. గీస్తేనే ఎక్కడ ఏ ప్రశ్న వస్తుందో తెలుస్తుంది.

ఇప్పుడు వాళ్లు తొమ్మిదికి వచ్చారు. ఈసారి భుజాన్ని రెండుగా కాక మూడుగా విడగొడుతున్నాం. తొమ్మిది చిన్న త్రిభుజాలు వస్తాయి. నిలబడినవి ఆరు ఉంచి, తలకిందులైనవి మూడు వదిలేయాలి. కింది వరుసకు ఎన్ని చుక్కలు కావాలో వాళ్లే తేల్చారు: 28. 27, 9, 3, 1. మేరు ప్రస్తారంలో 3తో భాగింపబడని సంఖ్యలకు రంగు వేసినా ఇదే బొమ్మ వస్తుంది, ఆ సంగతి వాళ్లకు ఇంకా చెప్పలేదు. మూడో మెట్టుకు ఎన్ని త్రిభుజాలు ఉంటాయన్నదానికి ఊహల బోర్డు మీద ప్రస్తుతం 18, 54, 216 అని మూడు జవాబులు, మూడింటి పక్కనా పేర్లు ఉన్నాయి. చుక్కలు పెట్టే పని సోమవారం.